ఐదు ముక్కల తాళం, ఉంగరాల డబ్బా

నా సర్వీసు ఫైల్లో ఒక వాక్యం అన్యాయంగా రాశారు. "తాళాలు ఎక్కడ పెట్టకూడదో చెప్పాడు గానీ ఎక్కడ పెట్టాలో చెప్పలేదు, ఇది ఇతని నిర్లక్ష్యం." నాకు చదివి వినిపించి మరీ రాశారు. నేను పనిచేసినన్నాళ్ళూ ఒక్క తాళం పోలేదు. తాళం వేసిన డిస్కు ఒక్కటి కూడా పరాయివాడి చేతిలో తెరుచుకోలేదు. అయినా ఆ వాక్యం రాసి, కింద పేర్లు టైపు చేసి, టీ తాగి వెళ్ళిపోయారు. దాన్ని కొట్టేయించాలని రిటైరైన దగ్గర్నుంచీ అర్జీలు పెడుతూనే ఉన్నాను. మొన్ననే జవాబు వచ్చింది. అది చివర చెబుతాను. ముందు జరిగింది వినండి, ముఖ్యంగా ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు.

నాకు పెద్ద చదువుల్లేవు. నూజివీడు బస్టాండు దగ్గర మోటారు వైండింగు షాపులో మొదలుపెట్టాను. ఆ తర్వాత రేడియోలు, టీవీలు, ఆపైన కంప్యూటర్లు. ఇంగ్లీషు మాన్యువళ్ళు పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టేది, అందుకే అందులో ఉన్నది ఇప్పటికీ గుర్తుంది. ఇప్పటివాళ్ళు వీడియో చూస్తారు. వీడియోలో ఆయన ఎక్కడ తడబడితే వీళ్ళూ అక్కడే తడబడతారు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

అలా చివరికి మామిడి రైతుల సంఘం ఒకదాంట్లో కుదురుకున్నాను. మా సంఘం పండు సముద్రం దాటి వెళ్ళేది. అక్కడ కొనేవాళ్ళకి తీపి ఒక్కటే చాలదు. ఏ తోటలో కాసింది, ఏ మందు ఎప్పుడు కొట్టారు, ఏ గదిలో ఎలా మాగింది, అంతా కాగితం మీద కావాలి. కాగితం లేకపోతే లారీ కదలదు. ఆ వివరాలన్నీ, మా ఉద్యోగుల సర్వీసు ఫైళ్ళతో సహా, మూడు ఊళ్ళలో పెట్టిన సర్వర్లలో ఉండేవి: నూజివీడు ప్యాక్‌హౌస్‌లో కొన్ని, ముసునూరులో కొన్ని, బాపులపాడులో కొన్ని. ఒకచోట పిడుగు పడినా అదే సమాచారం మిగతాచోట్ల ఉంటుంది. మూడూ కలిసి ఒకే గిడ్డంగిలా పనిచేస్తాయి. దీన్నే క్లస్టర్ అంటారు. దాన్ని చూసుకునే నన్ను మాత్రం "కరెంటాయన" అనేవారు. అదీ అన్యాయమే, కానీ దానిమీద అర్జీ పెట్టలేదు.

ఒక ఏడు ముసునూరు గదిలోంచి ఒక డిస్కు మాయమైంది. ఎవరో పాత సామాన్ల బండికి వేసేశారు. అందులో డబ్బు లెక్కలేం లేవు. ఎవరి తోటలో తేనెమంచు పురుగు పడిందో, ఎవరి కాయకి మచ్చ వచ్చిందో, అవి ఉన్నాయి. మా వైపు ఇంట్లో గుట్టు బయటపడినా సర్దుకుంటారు గానీ తోటలో పురుగు సంగతి బయటపడితే కుదిరిన సంబంధాలు కూడా చెడతాయి. పాలకవర్గం వణికిపోయింది.

"డిస్కులన్నిటికీ తాళాలు వేసెయ్యండి" అన్నారు.

వేశాను. ఇక్కడ తాళమంటే ఒక పొడుగాటి రహస్య సంఖ్య. డిస్కు మీద రాసే ప్రతి అక్షరాన్నీ అది గజిబిజి చేసేస్తుంది. ఆ సంఖ్య మళ్ళీ ఇస్తే గజిబిజి అక్షరాలవుతుంది, ఇవ్వకపోతే డిస్కు ఉత్త రేకుముక్క. ఒక్కో డిస్కుకి ఒక్కో కీ. కీలన్నీ ఒక చిన్న యంత్రంలో దాచి, ఆ యంత్రానికి పెద్ద కీ ఒకటి పెట్టాను. పెద్ద కీ ఒక్కడి దగ్గరే ఉంటే వాడు దొంగ కావచ్చు, చచ్చిపోవచ్చు, లేదా మా అధ్యక్షుడిలా ఫోనెత్తకపోవచ్చు. అందుకని దాన్ని ఐదు ముక్కలు చేశాను. ఐదుగురిలో ఏ ముగ్గురు వచ్చి తమ ముక్కలు టైపు చేసినా తెరుచుకుంటుంది. ఇద్దరే అయితే ఏమీ జరగదు. ఈ ఏర్పాటు నా సొంతం కాదు, మాన్యువల్లో ఉంది. ఐదుగుర్ని ఎంచడం మాత్రం పాలకవర్గం ప్రతిభ.

మొదటివాడు అధ్యక్షుడు. రెండోవాడు ఉపాధ్యక్షుడు, అంటే అధ్యక్షుడి తోడల్లుడు. ఇద్దరికీ మామగారు చెరో తోటా ఇచ్చి, సరిహద్దు మీద ఒక చెరుకురసం మామిడిచెట్టు వదిలేసి పోయాడు. ఆ చెట్టు కాయ ఎవరిదన్న దానిమీద ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుని "ఆయనకి చెప్పండి", "ఆయన్ని అడగండి" అంటూ మధ్యలో ఎవర్నో ఒకర్ని పెట్టి మాట్లాడుకునేవారు. మూడోవాడు అకౌంటెంటు. నాలుగోవాడు చింతలపూడి సేకరణ కేంద్రం చూసేవాడు. ఐదోవాణ్ణి నేను.

ఒక్కొక్కరి ముక్కా మందపాటి అట్టమీద అచ్చువేసి, సమావేశంలో చేతికిచ్చి, నిలబడి చెప్పాను. "ఆఫీసులో పెట్టకండి. ఫోన్లో ఫోటో తీయకండి. ఒకరిది ఇంకొకరికి చూపించకండి. ఎక్కడ దాచారో ఎవరికీ చెప్పకండి." అందరూ బుద్ధిగా తలలూపారు. ఉపాధ్యక్షుడు గోడవైపు చూస్తూ, "ఇక్కడ కొందరికి చూపించే ప్రసక్తే లేదులెండి" అన్నాడు.

ఇంతకన్నా స్పష్టంగా ఎవరైనా ఎలా చెబుతారో ఆ వాక్యం రాసినవాళ్ళనే అడగాలి.

తర్వాతి సీజను నడిమధ్యలో పెద్ద గాలివాన కొట్టింది. తెల్లారేసరికి తోటల్లో నేల కనబడలేదు, అంతా పచ్చికాయే. స్తంభాలు ఒరిగిపోయాయి. మూడు ఊళ్ళలోనూ కరెంటు పోయి, బ్యాటరీలు కూడా చేతులెత్తేశాయి. పొద్దెక్కాక కరెంటు వచ్చింది. సర్వర్లు లేచాయి. డిస్కులు మాత్రం తెరుచుకోలేదు. తెరుచుకోకూడదు కూడా! పడి లేచిన యంత్రం మళ్ళీ తాళం అడగాలి, అదే దాని ధర్మం. నేను కాసేపు దాన్ని చూసి మురిసిపోయాను.

ఆ మురిపెం మీద నీళ్ళు చల్లింది బయట లారీ హారను. గాలివానకి ముందే కోసిన బంగినపల్లి కాయంతా ట్రేలలో సర్ది, ఎక్కించి ఉంది. చీకటి పడకముందే బయల్దేరకపోతే ఓడ అందదు, కాయ దారిలోనే పండిపోతుంది. రైతులు లారీ చుట్టూ నిలబడ్డారు. కాగితాలు అచ్చువేయాలంటే డిస్కులు తెరవాలి. డిస్కులు తెరవాలంటే మూడు ముక్కలు కావాలి. తాళాలు వేసినవాణ్ణి నేను గనక అందరూ నన్నే చూస్తున్నారు. "కరెంటాయన తాళాలేసి పోగొట్టాడంట" అని అప్పుడే ఒక గొంతు వినబడింది. నా పేరు ఆ లారీతో పాటు అక్కడే ఆగిపోయి ఉందన్నమాట.

అధ్యక్షుడు బాపులపాడులో పెళ్ళి భోజనంలో ఉన్నాడు. ఆ రోజు అదృష్టం, ఫోనెత్తాడు.

"మీ ముక్క తీసుకుని వెంటనే రండి."

"ఏం ముక్కండీ?"

"కీ ముక్క. అట్ట."

"ఓ, అదా! భద్రంగా ఉందిలెండి. అక్క డబ్బాలో ఉంది."

"ఏ అక్క?"

"ఇంకే అక్కండీ, షెడ్డు అక్క. ఆఫీసులో పెట్టొద్దన్నారుగా మీరు? షెడ్డు ఆఫీసు కాదుగా?"

ఉపాధ్యక్షుడికి చేశాను. ఆయన ముసునూరు తోటలో రాలిన కాయ ఏరిస్తున్నాడు. "నాదెక్కడికి పోతుందండీ, అక్క డబ్బాలో పడేశా." అకౌంటెంటు కొండమీద ఉన్నాడు, దర్శనం క్యూలోకి వెళ్ళేముందు ఫోను అప్పగించబోతున్నాడు. "గోవిందా! అక్క దగ్గరుంది, మీరేం కంగారుపడకండి." చింతలపూడి ఆయనకి రోడ్డు మీద చెట్టు పడి దారి లేదు, కానీ ముక్క మాత్రం క్షేమమే. ఎక్కడుందో మీరే చెప్పగలరు.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. మా గ్రేడింగ్ షెడ్డులోకి ఉంగరంతో, గాజులతో, వాచీతో, జేబులో పెన్నుతో ఎవరూ అడుగుపెట్టకూడదు. గోటి గీత పడ్డా రెండు రోజుల్లో కాయ నల్లబడుతుంది. పైగా ముచ్చిక తుంచగానే చిమ్మే సొన ఉంగరం కిందికి చేరితే వేలు పుండవుతుంది. అందుకని కూలీ అయినా, అధ్యక్షుడైనా గుమ్మం దగ్గర అన్నీ తీసి, షెడ్డు మేస్త్రి చేతిలో ఉన్న రేకు డబ్బాలో వేయాల్సిందే. ఆ మేస్త్రిని అందరూ అక్కా అనే పిలుస్తారు, ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా. ముక్కలు పంచిన రోజే మొదటి కోత. సమావేశం నుంచి అందరూ నేరుగా షెడ్డుకి వెళ్ళారు. జేబులో అట్ట గుచ్చుకుంటోంది, డబ్బాలో వేశారు. బయటికొచ్చేటప్పుడు ఉంగరాలు తీసుకుని అట్టలు వదిలేశారు. ఒకరికి తెలియకుండా ఒకరు! ఎవరికీ చెప్పొద్దన్న నా మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు.

ఐదు ముక్కలు చేసిన తాళాన్ని మళ్ళీ ఒకే డబ్బాలో పోగేసిన ఘనత ప్రపంచంలో ఇంకే సంఘానికైనా ఉంటే నాకు తెలియజేయండి.

మండిపోతూ షెడ్డుకి వెళ్ళాను. అంతలోనే చిన్న ఆశ కూడా పుట్టింది: అన్నీ ఒకచోటే ఉంటే పని తొందరగా అవుతుంది కదా.

"అమ్మా, ఆ నాలుగు అట్టలూ ఇలా ఇయ్యి. లారీ ఆగిపోయింది."

"నాలుగు కాదు బాబాయిగారూ, అయిదు" అంది, ట్రే మీంచి తలెత్తకుండా.

"నాది ఇంట్లో బీరువాలో ఉంది."

"మీదీ ఇక్కడే ఉంది. పిన్నిగారు తెచ్చిచ్చారు."

"సరే, నాది నాకియ్యి" అన్నాను.

"మీరిచ్చారా? పిన్నిగారిచ్చారు. ఆవిడ్నే రమ్మనండి."

"నేను ఆవిడ మొగుణ్ణమ్మా!"

"తెలుసండీ. మీ పెళ్ళి భోజనం చేసినవాళ్ళు కూడా ఉన్నారిక్కడ. అయినా ఎవరిచ్చింది వాళ్ళ చేతికే."

అధ్యక్షుడికి మళ్ళీ ఫోను కలిపి ఆవిడ చెవి దగ్గర పెట్టాను. "అక్కా, నేనే చెబుతున్నా, ఆయనకిచ్చెయ్యి" అన్నాడు. ఆవిడ ఓపిగ్గా విని, "గొంతు మీదేనండీ. చెయ్యి కనబడట్లేదు" అంది.

పక్కనున్న కూలీ ఒకామె నాకు చెవిలో చెప్పింది. ఎప్పుడో ఒకాయన ఉంగరాన్ని ఆయన తమ్ముడి చేతికిచ్చి పంపిందట అక్క. అది ఇంటికి చేరలేదు. తమ్ముణ్ణి ఎవరూ అడగలేదు, మాట పడ్డది ఈవిడ. అప్పట్నుంచీ ఈ పట్టు. అనకూడని మాట ఒకటి మనిషికి అంటుకుంటే ఎలా ఉంటుందో అప్పటికి నాకింకా తెలియదు. అందుకని ఆవిడ మీద కోపం తగ్గలేదు.

మా ఆవిడ వచ్చింది. రాలిన కాయతో ఊరంతా ఆవకాయ పెడుతున్న రోజు అది. మోచేతుల దాకా ఆవపిండి, కారం.

"ఆ అట్ట నువ్వెందుకు ముట్టుకున్నావు?" అన్నాను అందరిముందూ.

"మీరు దాన్ని నా పట్టుచీరల మధ్య పెట్టారు. చీర తీసినప్పుడల్లా కిందపడేది. ఏదో ముఖ్యమైంది కాబోలని పళ్ళకోసం వచ్చినప్పుడు తెచ్చి అక్కకిచ్చా."

"నాకు చెప్పొచ్చు కదా?"

"ఎక్కడ దాచిందీ ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో అన్నం దగ్గర కూడా పాఠం చెప్పింది మీరే కదండీ!"

షెడ్డంతా నవ్వింది. ఆడవాళ్ళు ట్రేలు వదిలేసి మరీ నవ్వారు. అక్క మాత్రం నవ్వకుండా అట్ట తీసి మా ఆవిడ కారం చేతిలో పెట్టింది. నేను చెయ్యి చాపాను. "మీకిస్తే మళ్ళీ చీరల్లోకి పోతుంది" అని మా ఆవిడ దాన్ని కొంగులో కట్టుకుంది.

అధ్యక్షుడు పట్టుపంచెతో, నోట్లో తాంబూలంతో దిగాడు. తన అట్ట తాను తీసుకున్నాడు. ఉపాధ్యక్షుడూ వచ్చాడు, కానీ లారీ దగ్గరే ఆగిపోయాడు.

"ఆయన లోపలున్నంతసేపూ నేను గుమ్మం ఎక్కనని చెప్పండి" అన్నాడు.

"ఎక్కమని ఎవరు పిలిచారో అడగండి" అన్నాడు లోపల్నుంచి అధ్యక్షుడు.

పిలిచింది నేనే. సరే, ఒకరి తర్వాత ఒకర్ని పంపుదామనుకున్నాను. షెడ్డు పక్కనే ఉన్న సర్వర్ల గదిలో మా ఆవిడ ముక్క మొదట కొట్టించాను. అధ్యక్షుడు తన ముక్క కొట్టి ముందు గుమ్మంలోంచి బయటికెళ్ళాడు. ఉపాధ్యక్షుడు వెనక గుమ్మంలోంచి రావాలి. ఆయన ముందు చెప్పులు విప్పాడు, కాళ్ళు కడిగాడు, అక్క దగ్గరికెళ్ళి అట్ట తీసుకున్నాడు, కళ్ళజోడు తోటలో మరిచిపోయానన్నాడు, డ్రైవరు కళ్ళజోడు అడిగి పెట్టుకున్నాడు. ఈలోగా యంత్రానికి విసుగొచ్చింది. మొదటి ముక్క పడ్డాక మిగతావి వెంటనే పడకపోతే అన్నీ మరిచిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. దొంగలు నింపాదిగా ఊహించుకుంటూ కూర్చోకుండా పెట్టిన నిబంధన అది. తోడల్లుళ్ళ గురించి మాన్యువల్ రాసినవాళ్ళకి తెలియదు పాపం.

మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అంతే. అధ్యక్షుడు బయటికెళ్ళేదాకా ఈయన రాడు, ఈయన వచ్చేసరికి యంత్రం ఉండదు. లారీ డ్రైవరు ఇంజను స్టార్టు చేసి ఆపాడు, ఊరికే, మాకు వినబడాలని. అప్పుడు మా ఆవిడ లేచింది.

"ఇదిగో అన్నయ్యగారూ, ఇద్దరికీ చెబుతున్నా. మీరు మాట్లాడుకోనక్కర్లేదు, మొహాలు చూసుకోనక్కర్లేదు. వేళ్ళు ఆడిస్తే చాలు. అక్కడ ఇంట్లో నా మామిడి ముక్కలు నూనె పట్టక ఎండిపోతున్నాయి. ఈ ఏడు నా ఆవకాయ పాడైతే ఆ చెరుకురసం చెట్టుకి నేనే గొడ్డలి పెట్టిస్తా. అప్పుడు కాయ ఇద్దరికీ ఉండదు."

రెండు కుర్చీలు వీపులు ఆనించి వేశాం. ఇద్దరూ కూర్చున్నారు.

"ఆయన్ని కాస్త కుర్చీ జరపమనండి."

"ఆయన్నే కాస్త ఒళ్ళు తగ్గమనండి."

నేను నిబంధన ప్రకారం గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఒకరి ముక్క ఒకరు చూడకూడదు, నేనూ చూడకూడదు. వెనకాల కీబోర్డు టకటక వినబడుతోంది. మా ఆవిడ కొట్టింది, అధ్యక్షుడు కొట్టాడు, ఉపాధ్యక్షుడు డ్రైవరు కళ్ళజోడుతో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. ఫ్యాను చప్పుడు మారింది. తిరిగి చూస్తే తెరమీద ఒక్కో డిస్కు లైటూ పచ్చబడుతోంది, మాదీ, తర్వాత ముసునూరుదీ, తర్వాత బాపులపాడుదీ. అంత మంచి దృశ్యం నా ఉద్యోగంలో ఇంకోటి చూడలేదు. కీబోర్డు నిండా కారం మాత్రం ఉండిపోయింది.

కాగితాలు వచ్చాయి, లారీ కదిలింది, కాయ చేరింది. అట్టలు ఎవరి చేతుల్తో వాళ్ళు మళ్ళీ డబ్బాలోనే వేసి వెళ్ళారు. నేను అరుస్తూనే ఉన్నాను.

తర్వాత జనరల్‌బాడీ సమావేశం. ఒక సభ్యుడు లేచి, "అన్నీ ఒకే డబ్బాలో ఉంటే ఐదు ముక్కలు చేయడం దేనికండీ?" అని అడిగాడు. చక్కని ప్రశ్న. ఆ రోజు మొత్తానికి ఒక్క తెలివైన ప్రశ్న. దానికి అధ్యక్షుడు, "ఆయన ఎక్కడ పెట్టాలో చెప్పలేదు కదండీ" అన్నాడు. ఉపాధ్యక్షుడు మూడో మనిషి సాయం లేకుండా, "అవును అన్నయ్యగారూ, చెప్పలేదు" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత తోడల్లుళ్ళు ఒక మాట మీదికొచ్చారు. ఆ మాట నా మీద. సభంతా చప్పట్లు. అక్కకి చీర పెట్టారు. డబ్బాకి కొత్త మూత చేయించారు. నాకు ఫైల్లో వాక్యం రాశారు.

పిల్లలూ, మాన్యువల్లో లేని పేజీ ఒకటి మీకు ఊరికే చెబుతున్నాను. కీ ముక్కలు పంచేముందు మనుషుల్ని ఒక్కటి అడగండి: ఊరెళ్ళేటప్పుడు ఇంటి తాళంచెవి ఎవరికిచ్చి వెళతారు? అందరూ ఒకే పేరు చెబితే, మీరు ఎన్ని ముక్కలు చేసినా తాళం ఒక్కటే.

నా ఉద్యోగం ఆఖర్లో కొత్త యంత్రాలొచ్చాయి, కొత్త మేనేజరూ వచ్చాడు. పాత డిస్కుల్ని పగలగొట్టడానికి ఆయన సుత్తి తెప్పించాడు. నేను ఆపాను. సుత్తెందుకు? కీలు చెరిపేస్తే చాలు, డిస్కులో ఉన్నదంతా శాశ్వతంగా గజిబిజే. "కావాల్సినవన్నీ కొత్తవాటిలోకి వచ్చేశాయా?" అని అడిగాను. "వచ్చేశాయండీ బాబూ, కానివ్వండి" అన్నాడు. కీలు చెరిపాను, వాటి నకళ్ళూ చెరిపాను. "వీటిలో ఉన్నదాన్ని నాతో సహా ఎవరూ, ఎప్పటికీ చదవలేరు" అని గర్వంగా రాసి సంతకం పెట్టాను. నా చేతిమీదుగా జరిగిన పనుల్లో ఏ లోపం లేని పని అది. దండ వేశారు, గోడగడియారం ఇచ్చారు, ఇంటికొచ్చాను. మర్నాటి నుంచే ఆ వాక్యం కొట్టేయమని అర్జీలు మొదలుపెట్టాను. అర్జీ మీద అర్జీ. ఇదిగో, వచ్చిన జవాబు. ఒక్క అక్షరం మార్చకుండా ఇస్తున్నాను.

"గౌరవనీయులైన మాజీ ఉద్యోగి గారికి, నమస్కారం. మీ అర్జీలన్నీ అందాయి. మీ ఫైల్లోని వాక్యాన్ని కొట్టివేయడానికి పాలకవర్గం అంగీకరించింది. అయితే సదరు ఫైలు కొత్త యంత్రాల్లోకి రాలేదని, పాత డిస్కుల్లోనే ఉండిపోయిందని పరిశీలనలో తేలింది. వాక్యం కొట్టివేయాలంటే ఫైలు తెరవాలి, తెరవాలంటే కీ కావాలి. ఆ కీలు మీరే చెరిపారు. వాటిలో ఉన్నది మీతో సహా ఎవరూ ఎప్పటికీ చదవలేరని మీరు సంతకం చేసిన కాగితం మా దగ్గర భద్రంగా ఉంది. మీ పని మీద మాకు పూర్తి నమ్మకం ఉంది కనుక మేము ప్రయత్నించలేదు. కావున మీమీద ఆ మాట ఉన్నదనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. ఇట్లు, మేనేజరు. మరొక విషయం: మీ అట్టముక్క ఇంకా డబ్బాలోనే ఉందని షెడ్డు అక్క రాయమన్నారు. దానితో ఇప్పుడు ఏ ఉపయోగమూ లేదని చెప్పినా ఆవిడ పారేయనంటున్నారు. తీసుకోవడానికి మీరు రావద్దట, పిన్నిగారిని పంపమంటున్నారు."